పడవ దిగని పెద్దాయన

తెలివితక్కువతనానికి డాక్టరేట్ ఇచ్చే యూనివర్సిటీ ఏదైనా ఉంటే, వైవా కూడా లేకుండా నాకు పట్టా ఇంటికి పంపి ఉండేవాళ్లు. మొన్న పొద్దున మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు పడింది. ‘అంతర్జాతీయ సంబంధాలు: మా అధ్యాపకుల ఇటీవలి ప్రచురణలు’ అని పైన పెద్దక్షరాలు. కింద పులికాట్ సరస్సు ఒడ్డున తీసిన ఫొటోలో, రిటైరైన మా హెడ్డుగారు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కొత్త పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని ఉన్నారు. ఫొటో అంచున ఎవరిదో నీలం చీర కొంగు. మనిషిని కత్తిరించేశారు, కొంగు మాత్రం మిగిలిపోయింది. వరసగా చప్పట్ల బొమ్మలు పెట్టారు అందరూ. నా కాఫీ చల్లారిపోయింది. ఆ పుస్తకం రాసింది ఆ కొంగు తాలూకు మనిషి. ఆమె దగ్గర కాగితాలు తీసుకుని, భక్తిగా రెండు చేతులతో పెద్దాయనకు సమర్పించిన మహానుభావుణ్ణి నేను.

ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. గెస్టు లెక్చరరుగా చేసేది. పేరుకే గెస్టు, కూర్చోవడానికి మిగిలిన కుర్చీ, పాఠానికి మిగిలిన పీరియడు. రోజూ సూళ్లూరుపేటలో రైలెక్కి వచ్చేది. మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పితే మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన డిపార్ట్‌మెంటంతా పాకేది. పెద్దాయన చిరాగ్గా తలుపు వేయించుకునేవారు. కాసేపటికి అటెండరు వచ్చి, “సారు కొంచెం మిగిలిందేమో కనుక్కోమన్నారు మేడం” అని గిన్నె చాపేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, జరగబోయేదంతా ఆ గిన్నెలోనే కనిపించి ఉండాల్సింది నాకు.

సెలవులు దొరికితే చాలు, అక్క పులికాట్ పల్లెల్లో ఉండేది. సరస్సు రెండు రాష్ట్రాలది. ఏ చోట ఎవరు ఎప్పుడు వల వెయ్యాలో అక్కడివాళ్లు వంతులు వేసుకుంటారు. దాన్ని పాడు అంటారు. పాడు ఉండబట్టే ఆ సరస్సు పాడు కాలేదని నేనేదో చమత్కరిస్తే, అక్క నవ్వి, “నీ మాటలకి ఫుట్‌నోట్ వెయ్యలేను తమ్ముడూ” అనేది. నదుల కోసం కొట్లాడుకునే దేశాలు, వంతులు తేల్చే ఈ పల్లెల కూటాల్లో కూర్చుని నేర్చుకోవాల్సింది ఉందని ఆమె వాదం. పెద్దాయన విని, “ఐక్యరాజ్యసమితిని రొయ్యల బుట్టలో పెట్టమంటావామ్మా?” అన్నారు.

ఆ యేడు పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. అచ్చయిన పరిశోధన ఉంటేనే అక్కకు అవకాశం. మా డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉండేది: ఎవరు ఏం రాసినా ముందు హెడ్డుగారి పేరు, ఆ తరువాతే రాసినవాళ్లది. నైవేద్యం పెట్టాకే కదా ప్రసాదం అనుకునేవాళ్లం. “సార్ చేతిలో పెట్టక్కా. ఆయన పేరుంటే బయటి దేశం పత్రికలు వెంటనే వేస్తాయి. రెండో పేరు నీదే ఉంటుంది” అన్నాను. అక్క కాగితాలు ఒళ్లో పెట్టుకుని అంచులు సరిచేసింది. “నిజంగా వేస్తాడంటావా?” అంది. “నేను లేనా?” అంటూ ఆమె ఒళ్లోంచి కాగితాలు అందుకున్నాను.

ఉన్నాను. వ్యాసం అచ్చయ్యేసరికి రెండో పేరు నాదే. గెస్టుల పేర్లు వేస్తే డిపార్ట్‌మెంటుకు పాయింట్లు రావట పాపం. అక్క పేజీలు తిప్పి తిప్పి, చివర కృతజ్ఞతల దగ్గర ఆగింది. “పోన్లే తమ్ముడూ, ఇంటిపేరుతో సహా తప్పుల్లేకుండా వేసినారు” అంది. ఇంటర్వ్యూలో ప్రచురణలేమిటని అడిగారట, ఏం చెప్తుంది? పోస్టు వేరేవాళ్లకు పోయింది. తరువాత ఆమె రాలేదు, సూళ్లూరుపేటలోనే ఏదో స్కూల్లో చేరింది. పెద్దాయనను నిలదీద్దామని ఆయన గదికి వెళ్లిన ప్రతిసారీ, నా సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకుని వచ్చేవాణ్ణి. అంతర్జాతీయ సంబంధాలు ఎన్ని బోధించినా, నా అంతర్గత సంబంధాలు అంతంత మాత్రమే.

ఇన్నేళ్లకు ఆ కాగితాలన్నీ కలిపి పెద్దాయన పుస్తకం వేశారు. “ఆవిష్కరణ ఫీల్డులో పెడదామయ్యా, చేపలవాళ్ల మధ్య ఫొటో బాగుంటుంది. ఏర్పాట్లు నువ్వు చూడు” అని ఫోను చేశారు. చూశాను. అక్క తిరిగిన పల్లెనే ఎంచుకున్నాను. అక్కకూ ఫోను చేశాను. రానంది. “ఆ ఊళ్లో ఆడోళ్లు నిన్నే అడుగుతున్నారక్కా” అంటే మెత్తబడింది.

ఆ రోజు పెద్దాయన కారు దిగి, శాలువా సర్దుకుని మైకు అందుకోబోయారు. ఊరి పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు. “సార్, పడవలో వచ్చినారా?”

“కార్లో వచ్చాను” అన్నారు ఈయన గొప్పగా.

“అయితే చాప మీద కూసోండి సార్. మా కూటంలో పడవ దిగినోళ్లదే మాట.”

ఆయన హాస్యమనుకుని నవ్వారు. ఎవరూ నవ్వలేదు. నా వైపు తిరిగి, “ఏందయ్యా ఇది! ముందే చెప్పి చావొద్దా?” అని పళ్లు నూరారు.

“మీ పుస్తకంలోనే ఉంది సార్, మూడో అధ్యాయం” అన్నాను.

అప్పటికే అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పడవలోంచి, నీలం చీర మోకాళ్ల దాకా తడుపుకుంటూ అక్క దిగుతోంది. “ఏందక్కా, ఇట్టా చిక్కిపోయినావు!” అంటూ ఆడవాళ్లు చెయ్యందించారు. మైకు ఆమె చేతికొచ్చింది. అక్క మాట్లాడుతుంటే పెద్దాయన చాప మీద కూర్చుని విన్నారు. ఆ పుస్తకంలో ఏముందో ఆయనకు తెలియడం అదే మొదలు.

అయితే ఏం, పోస్టు అందే వయసు అక్కకు ఎప్పుడో దాటిపోయింది. పోస్టరులోనూ కొంగు వరకే మిగిలింది. ‘మీ పుస్తకంలోనే ఉంది సార్’ అని ఆ ఒక్క ముక్క అనడానికి నాకు సర్వీసంతా పట్టింది. సరస్సులో తప్పిపోయిన వంతు నాలుగు రోజులాగితే మళ్లీ తిరిగొస్తుంది. పోయిన ఏళ్లకు మాత్రం ఏ కూటమూ వంతులు వెయ్యలేదు.