ఫుట్‌పాత్‌పై కంకుల బండి గురించి

పుణ్యవతి టీచరుది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. చందానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతోంది. పౌరశాస్త్రమంటే పరీక్ష ముందురోజు బట్టీపట్టి మర్నాడు మరిచిపోయే పాఠమంటే ఆవిడ అస్సలు ఒప్పుకోదు. ప్రతి ఏడాదీ ఆరో తరగతి చేత కార్పొరేటరుకు ఉత్తరాలు రాయిస్తుంది. గుంత పూడ్చమని ఒకరు, పార్కు తాళం తీయించమని ఇంకొకరు. ఇన్నేళ్లలో ఎన్నింటికి జవాబు వచ్చిందని తోటి టీచర్లు ఆటపట్టిస్తే మాత్రం మాట మారుస్తుంది. మొండిమనిషి, పట్టు వదిలే రకం కాదు.

ఈ వానాకాలం రసజ్ఞ అనే పిల్ల కనకమ్మ కోసం రాసింది. కనకమ్మ బడి గోడ పక్కన ఫుట్‌పాత్ మీద మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. నారాయణపేట నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక ఆ బండే ఆమెకు అన్నం పెడుతోంది. రసజ్ఞ వాళ్లమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ పిల్ల రోజూ కూర్చునేది కనకమ్మ స్టూలు మీదే. సాయంత్రం మబ్బు పట్టిందంటే అక్కడ కళ్లు పొడుచుకున్నా ఏమీ కనబడదు. ఓసారి కనకమ్మ నిప్పుల్లో చెయ్యి కాల్చుకుంది. అందుకే రసజ్ఞ ఉత్తరం పైన, 'విషయం: కనకమ్మ కంకుల బండి దగ్గర చీకటిగా ఉంటోంది కాబట్టి లైటు వేయించడం గురించి' అని రాసింది.

"విషయం ఇంత పొడుగేంటమ్మా? పెద్దవాళ్లకు తీరికుండదు. ఒక్క ముక్కలో తేల్చాలి" అంటూ పుణ్యవతి అది కొట్టేసి, 'ఫుట్‌పాత్‌పై కంకుల బండి గురించి' అని దిద్దింది. కింద ఉత్తరమంతా పిల్ల రాసినట్టే ఉంచింది.

కిందిది చదివే ఓపిక ఎవరికుంది! కార్పొరేటరు ఆఫీసువాళ్లు పై వరుస చూశారు, లారీ పంపారు. మంగళవారం పిల్లలు క్లాసులో ఉండగా బండిని ఎత్తుకుపోయారు. కనకమ్మ చౌరస్తా దాకా వెంట పరుగెత్తి రోడ్డు మీదే కూలబడిందట.

గురువారం రసజ్ఞ పేరున జవాబు వచ్చింది. 'ఫుట్‌పాత్‌పై కంకుల బండి విషయమై తమరి ఫిర్యాదు పరిష్కరించబడినది.' ఇరవై రెండేళ్లలో మొదటి జవాబు! ప్రిన్సిపాల్ రంగనాథ్ సంబరపడిపోయి, సోమవారం ప్రార్థనలో చదివిస్తానన్నాడు. పుణ్యవతికి మాత్రం ఆ ఒక్క వాక్యంతో జరిగిందంతా అర్థమైంది.

ఆ సాయంత్రమే కనకమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, మీరు రాస్తే పెద్దోళ్లు వింటరంట గద. నా బండి ఇడిపించమని జర రాయుండ్రి. ఏం తప్పు జేసిన్నో గూడ నాకెర్కలేదు."

పుణ్యవతి దాచలేకపోయింది. "నీ బండి పోయింది మా ఉత్తరం వల్లే కనకమ్మా. పిల్ల నీకోసం లైటు అడిగింది. నేనే దిద్ది పాడుచేశాను. నన్ను క్షమించు" అని ఏడ్చేసింది.

కనకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోరికి జెప్పకుండ్రి టీచరమ్మా. నా కోసమే రాసింది గద, తెలిస్తె మస్తు ఏడుస్తది. నేను ఊరికి పోయిన్నని జెప్పుండ్రి. ఇగ నేను గీ దిక్కు రాను" అంది.

పుణ్యవతి మర్నాడే సెలవు పెట్టి ఆఫీసు చుట్టూ తిరిగింది. బండి అప్పటికే తుక్కులోకి పోయిందన్నారు. కనకమ్మ మళ్లీ కనబడలేదు.

సోమవారం ప్రార్థనలో జవాబు చదివితే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పరిష్కరించడమంటే లైటు వేయడమే అనుకున్న రసజ్ఞ మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం ఒక కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"టీచర్, కనకమ్మ ఊరి నుంచి వచ్చేసరికి లైటు ఉంటుంది కదండీ! థాంక్స్ చెబుతూ రాశాను. చూడండి."

'గౌరవనీయులైన కార్పొరేటర్ గారికి, మా కనకమ్మకు మీరు చేసిన మేలు ఎప్పటికీ మరిచిపోము' అని ఉంది.

పుణ్యవతి రెండుసార్లు చదివింది. "బాగుంది తల్లీ" అని, ఆ పిల్ల చూస్తుండగానే కవరులో పెట్టి అంటించింది.