పప్పు ఉడికిన పేట

హైదరాబాదులో ఇల్లు వెతికేవాళ్ళు ముందు అద్దె ఎంతని అడుగుతారు. మా అత్త జ్ఞానమ్మ మాత్రం కుళాయి ఎక్కడని అడిగేది.

అప్పుడు నా భార్య కృపారాణికి ఏడో నెల. కాన్పులోగా ఇల్లు దొరకాలి. పురుడు పోయడానికి యర్రగొండపాలెం పక్క పల్లె నుంచి వచ్చిన అత్త, నేను వద్దన్నా వినకుండా నా వెంట బయల్దేరేది. మోకాళ్ళు వంగిపోయిన మనిషి, మూడంతస్తులు కూర్చుని కూర్చుని ఎక్కేది. ఎక్కాక హాలు చూడదు, గాలీ వెలుతురూ చూడదు. తిన్నగా వంటింట్లోకి పోయి సీసాలో నీళ్ళు పట్టుకునేది. చదువు రాదు గనక ఇంటికో రంగు దారం సీసా మెడకు కట్టేది. ఇంటివాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టుండేది.

మేముంటున్న ఇరుకు గదికి తిరిగొచ్చి, ఒక్కో సీసా నీళ్ళలో గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టేది. మా ఆఫీసు పక్కనే బంగారంలాంటి ఇల్లు దొరికింది. ఎర్రదారం సీసా. రెండు గంటలైనా పప్పు బద్దలు బద్దలుగానే ఉంది.

"ఆడ వద్దు నాయనా," అంది అత్త.

నాచారంలో చూసిన ఇంటి నీళ్ళలో పప్పు మెత్తగా ఉడికింది. "స్తోత్రం ప్రభువా! ఇదే మన పేట," అంది. అక్కడి నుంచి ఆఫీసుకు గంటన్నర. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది అత్తా ఇది! కుక్కరు కొంటే పోలా? పప్పు కోసం నేను రోజూ మూడు గంటలు బస్సులో నిలబడాల్నా?"

అత్త కోప్పడలేదు. చీర కాస్త పైకి తీసి వంకర తిరిగిన కాళ్ళు చూపించింది.

"పప్పు కోసం కాదులే నాయనా. మా ఊరి బోరు నీళ్ళల్లో పప్పు ఉడకదు. ఆ నీళ్ళే తాగి నేను ఇట్లయిపోతి. పుట్టే బిడ్డ ఇట్ల కాగూడదు."

ఆ వారమే నాచారంలో దిగాం.

ఎముకల జబ్బు నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వస్తుందనీ, పప్పు ఉడకడానికీ దానికీ సంబంధం లేదనీ తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. పరుగున పోయి నీళ్ళు పరీక్ష చేయించాను. బాగానే ఉన్నాయి. ఆ డాక్టరు మాట అత్తకు మాత్రం చెప్పలేదు.

అత్త పోయి రెండేళ్ళు. ఆమె మీద విసుక్కున్న రోజులే ఇప్పుడు తియ్యగా గుర్తొస్తాయి. మా రోజీకి తొమ్మిదేళ్ళు, మెట్లు రెండేసి చొప్పున దూకుతుంది.

మొన్న సొంత ఫ్లాటు చూడటానికి వెళ్ళాం. నీళ్ళ పరీక్ష కాగితం బ్రోకరు ముందే చేతిలో పెట్టాడు. అయినా నేను సంచిలోంచి సీసా తీసి వంటింట్లోకి నడిచాను. బ్రోకరు పకపకా నవ్వాడు.

కృపారాణి నవ్వలేదు. రోజీ జడ రిబ్బను విప్పి, సీసా మెడకు కట్టమని నా చేతికిచ్చింది.