లంక గేదె దవడ

మండపేట చుట్టుపక్కల పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా రాజరత్నం గారి పేరు చెబుతారు. మిషన్ బడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయినా, పిఠాపురం పశువుల సంతలో ఆయన గేదె నోరు తెరిచి వయసు చెబితే దానికి తిరుగులేదు. ఆకురాయితో పళ్లు నూరి ముసలి గేదెను పడుచుదని అంటగట్టబోయిన బేరగాళ్లను సంత నడిమధ్య పట్టించింది ఆయనే. పాల పోటీలకు ఆయన్ని పిలవని ఏడాది లేదు. కప్పిన శాలువాలకు బీరువా చాలక ట్రంకుపెట్టె కొనాల్సి వచ్చింది.

అలాంటి మనిషి ముందుకు మొన్న వేసవిలో అదే సంతలో నాగదుర్గ తన గేదెను తెచ్చింది. కోటిపల్లి రేవు అవతల, గోదావరి మధ్య లంక ఆమెది. ఏటి కోతకు మేత భూమి కరిగిపోతుంటే అన్నిటినీ మేపలేక ఒకదాన్ని అమ్మజూపింది. కొనవచ్చిన యుగంధర్ డైరీ నడుపుతాడు. రాజరత్నం గారు చెప్పందే తాడు ముట్టడు.

ఆయన గేదె కింది పెదవి లాగి చూశారు. పళ్లు మొదళ్లదాకా అరిగి ఉన్నాయి.

“ముసలిదమ్మా. ఇంక ఈనదు.”

యుగంధర్ వెనక్కి తగ్గాడు. కబేళా బేరగాడు తాడు అందుకోబోయాడు. నాగదుర్గ అతని చెయ్యి తోసేసింది.

“ఇది నా చేతుల్లో పుట్టిందండి. ఈనింది రెండుసార్లే. మీరు గట్టుమీది గేదెల్ని చూశారు గానీ మా లంక మొహం ఎప్పుడైనా చూశారా? పడవెక్కి వచ్చి మిగతా వాటి నోళ్లు కూడా చూడండి. అప్పుడు కబేళాకి తోలమనండి.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రాజరత్నం గారికి మాట పడటం అలవాటు లేదు.

“వస్తాను. నా మాటే నిలబడితే?”

“నేనే తోలిస్తానండి.”

ఆ వారంలోనే ఆయన పడవెక్కారు. లంకలో గేదెలు ఇసుకలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకి నములుతున్నాయి. ఒక్కోదాని దవడ కింద అరచెయ్యి పెట్టి తడిమారు. మూతి పొట్టి, కింది దవడ వెడల్పు. అన్నీ ఒకే పోలిక.

“మా మామగారి నాటినుంచీ బయటి దున్నపోతు ఏరు దాటి రాలేదండి,” అంది నాగదుర్గ. “అన్నీ ఈ లంక సంతానమే.”

ఆయన ఇంకా ఈనని ఒక పడ్డ దగ్గర ఆగారు. “ఇది ఎప్పుడు పుట్టింది?”

“రెండువేల ఇరవై రెండు వరదప్పుడండి. మా మనవరాలూ ఇదీ ఒకే వారం.”

నోరు తెరిచారు. పాలపళ్లు రెండు ఊడి కొత్తవి వచ్చాయి. వయసు సరిపోయింది. కానీ ఆ కొత్త పళ్ల అంచులే అప్పటికే అరిగి ఉన్నాయి. ఆయన చాలాసేపు ఆ పెదవి వదల్లేదు. తరవాత సంతనుంచి తిరిగొచ్చిన గేదె దగ్గరికి వెళ్లి కొమ్ము మొదట్లో గీతలు చూశారు. ఈతకొకటి పడే గీతలు రెండే ఉన్నాయి.

మరుసటి సంతకు నాగదుర్గతో పాటు ఆయనే గేదెను నడిపించుకొచ్చారు.

“పోయిన వారం ముసలిదన్నారు కదా బాబాయ్ గారూ,” అన్నాడు యుగంధర్. “లంక గాలికి పడుచుదైపోయిందా?”

“పోయిన వారం గట్టు లెక్క వేశాను. ఇవి ఆ పొట్టి మూతితో గడ్డిని వేళ్లదాకా పీకి ఇసుకతో సహా నములుతాయి. లంక నోటికి లంక లెక్కే వెయ్యాలి. ఈ సంతలో ఆ మాట మొదట చెప్పింది నేనే, గుర్తుపెట్టుకో. ఈనకపోతే నా పాకలో కట్టెయ్, నేనే మేపుతాను.”

యుగంధర్ తాడు అందుకున్నాడు. నాగదుర్గ గేదె మెడ నిమిరింది.

“గౌరీ అని పిలవాలండి. లేకపోతే పాలు చేపదు.”