కప్పు మీద కొసరు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి, వాటిని సరిచేయడానికి ఓ కంపెనీవాళ్ళు నన్ను సిడ్నీకి పిలిపించారు. వాటికేమీ కాలేదు. ఆ ఏడాది ఆగకుండా పెరిగింది నా ఒంట్లో చక్కెరే. మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నాడు డాక్టరు. సూదంటే నాకు చచ్చేంత భయం. సిడ్నీలోనే పారమట్టా అనే పేటలో షుగరున్నవాళ్ళకు క్లాసులు పెడుతున్నారని, ఇంట్లో వండేవాళ్ళు కూడా రావాలని చెప్తే, మా ఆవిడను వెంటబెట్టుకుని పరిగెత్తాను.

పూటకు ఒక కప్పు అన్నం అంది నర్సు. మా నాన్నది తెనాలిలో కిరాణా కొట్టు. ఎదుటివాళ్ళు చెప్పినదానికి ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు. మూడు కప్పుల దగ్గర మొదలుపెట్టాను. రెండున్నరకు దిగాను. రెండుకు దిగి, లేచి వెళ్ళిపోతున్నట్టు కూడా నటించాను. ఆమె వెనక్కి పిలవలేదు.

"కూర్చోండి, పరువు తీయకండి. ఇదేమన్నా చేపల బజారా?" అంది మా ఆవిడ.

కూర్చున్నాను. నెలన్నర పాటు ఒక్క కప్పే నిష్ఠగా తిన్నాను. చక్కెర వీసమెత్తు తగ్గలేదు. కొలత తప్పు చెప్పారని నర్సునే నిలదీశాను. ఆమె వాదించలేదు. వచ్చేవారం ఇంటి నుంచి అన్నం తెచ్చి, ఎలా వడ్డిస్తారో చూపించమంది.

మా ఆవిడ అందరి ముందూ కప్పు నింపింది. గరిటె కాడతో చదును చేసి కంచంలో బోర్లించింది. ఆ తర్వాత చేత్తో గుప్పెడు తీసి పైన వేసింది.

"ఇదేమిటి?" అంది నర్సు.

"అది కొసరు. కొలిచాక మర్యాదకు వేసేది. లెక్కలోకి రాదు," అన్నాను.

"మీ ఒంటికి ఆ సంగతి చెప్పారా?" అంటూ ఆమె ఆ గుప్పెడు తీసి ఖాళీ కప్పులో వేసింది. సగం నిండింది.

మా ఆవిడ మొహం వాడిపోయింది. "నా చేత్తో నేనే వేశాను కదండీ."

"నువ్వు వేయకపోతే నేను కంచం ముందు నుంచి లేచేవాడినా?" అన్నాను. ఓదార్పు కోసం అన్న మాట కాదు, నిజమే.

మర్నాడు మధ్యాహ్నం కప్పు బోర్లించాక, మా ఆవిడ చెయ్యి దానంతటదే గిన్నెలోకి పోయింది. గుప్పెడన్నంతో గాల్లో ఆగింది.

"కంచం లాక్కోండి," అంది. "నా వల్ల కావడం లేదు."

రెండు చేతులా లాక్కున్నాను.

గడువులోపే చక్కెర దిగింది, సూది తప్పింది. అన్నాళ్ళూ మా ఆవిడ ఆ గుప్పెడు తన కంచంలోనే వేసుకుని, నా వంక చూడకుండా తినేది.