సర్జన్ గారి పట్టకారు

మా ముత్తాత వెంకట నరసయ్య గారు మద్రాసు పటాలంలో సర్జన్. ఆయన కొడుకు సూర్యనారాయణ గారు తాలూకా బోర్డు మెంబరు. ఆయన కొడుక్కి, అంటే మా నాన్నగారికి, ఏ పదవీ లేదు. అయినా ఆయన బజారులో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఇంటిపేరు రాయడం లేదు. రాస్తే మా వైపు ఇప్పటికీ గుర్తుపట్టేవాళ్ళున్నారు. ఆ పేరు నిలబెడుతున్నాననుకుని చేసిన ఒక పని ఇన్నేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక.

ముత్తాతగారు పటాలంతో ఓడెక్కి ఈ సింగపూర్‌కే వచ్చారు. ఇక్కడి దండులో తూటాలు తీశారు, కాళ్ళు కోశారు, కలరాతో పోయేవాళ్ళ పక్కన కూర్చున్నారు. కొన్నేళ్ళకు విజయనగరం దగ్గరి మా చిన్న పట్నానికి తిరిగివెళ్ళి, ఇంటి వీధి గదిలో వైద్యం పెట్టారు. విరిగిన ఎముక కుదిరితే బియ్యం, కురుపు మానితే కూరగాయలు తెచ్చి ఇచ్చేవారట జనం.

ఆయన పనిముట్ల పెట్టె మా వంశానికి దక్కింది. లోపల ఎర్ర మఖమల్, ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే ఒక గుంట. విజయదశమి నాడు ఒక్కొక్కటీ తీసి, తుడిచి, తమలపాకు మీద ఉంచి కుంకుమ పెట్టేవాళ్ళం. ఒక గుంట మాత్రం ఖాళీ. తూటాలు తీసే పట్టకారు తిరుగు ప్రయాణంలో సముద్రంలో పడిపోయిందని ఇంట్లో చెప్పేవారు. దాని పేరన కూడా ఒక ఆకు వేసి, ఆ ఖాళీ ఆకు మీదే కుంకుమ పెట్టేవాళ్ళం.

బ్యాంకు ఉద్యోగానికి నేను ఇక్కడికి వచ్చేనాటికే మాకు పొలాలు లేవు. పెట్టె ఒక్కటే నా వెంట వచ్చింది. బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌లోనూ ఏటా ఆకులు వేసేవాళ్ళం.

మా ఆవిడ ఈ ఊళ్ళోనే వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే ఒకామె దగ్గర ఊరగాయలు కొనేది. ఆమెను నరసమ్మ అందాం. మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి, అక్కడివాళ్ళ లాగే మాట చివర ‘లా’ అని చేరుస్తుంది. వాళ్ళది తరాలుగా తోటల్లో రబ్బరు పాలు గీసిన కుటుంబం. ఒక దసరాకు సీసాలు ఇవ్వడానికి వచ్చి, పూజ దగ్గర ఆ ఖాళీ ఆకు చూసి నిలబడిపోయింది. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చి, సంచిలోంచి బాతిక్ అద్దకం గుడ్డలో చుట్టిన పట్టకారు తీసి బల్ల మీద పెట్టింది.

“సార్, తప్పుగా అనుకోవద్దు. మా ఇంట్లో దసరాకి ఇదొక్కటే ఆకు మీద పెడతాం. చుట్టూ ఉన్న ఆకులన్నీ ఖాళీ. మిగతా సామాన్లు మన అన్నదమ్ముల దగ్గరున్నాయంటాడు మా అయ్య.”

“మీకెలా వచ్చింది ఇది?”

“మా అయ్యకి ముత్తాత దండులో డాక్టరంట. ఇక్కడే పెళ్ళాడినాడు. కొడుకు పుట్టినాక పటాలంతో పోవాల్సొచ్చింది. పోతా పోతా ఇది కొడుకు చేతిలో పెట్టినాడంట. తోటలో ఒకటే ఎగతాళి సార్. మీ తాత రబ్బరు చెట్లకి ఆపరేషన్ చేసుంటాడు లే అని!” చెప్పి తనే నవ్వింది. “అయ్య ఇప్పుడు మలేషియాలో, జోహోర్‌లో మంచం పట్టినాడు. కోతలరాయుడు అనిపించుకునే పోతాడేమో. మీ పెట్టెలో ఒక్కసారి పెట్టి చూడండి లా. సరిపోతే మీరు నాకు బాబాయి. సరిపోకపోతే ఏముంది, ఊరగాయ తీసుకోండి సార్.”

మా ఆవిడ ఆమెను కాఫీకి వంటగదిలోకి పిలిచింది. నేను పడకగదిలోకి వెళ్ళి, తలుపు వేసి, పెట్టె తెరిచాను.

పట్టకారు కొస దగ్గర కొంచెం వంకర ఉంది. గుంటలోనూ అదే వంకర. చిన్నప్పటి నుంచి ఆ వంకర వెంట వేలు పోనిచ్చి ఆడుకున్నవాణ్ణి, పెట్టకముందే నాకు తెలిసిపోయింది. అయినా పెట్టాను. నిన్ననే తీసినట్టు కుదురుగా కూర్చుంది.

తీసేశాను. గుడ్డలో చుట్టి బయటికి తెచ్చాను.

“సరిపోలేదమ్మా. మీది పొడవెక్కువ.”

ఆమె నా ముఖంలోకి చూసింది. పెట్టె చూపించమని అడగలేదు.

“సరే సార్.”

ఎందుకలా అన్నాను? ముత్తాతగారి శీలానికి మచ్చ రాకూడదని అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. పరాయి నేల మీద, రోజూ చావుల మధ్య బతికిన మనిషికి ఇక్కడ ఒక ఇల్లు దొరికిందని వింటే లోలోపల నాకు సంతోషమే కలిగింది. మరేమిటి? పొలాలు పోయి, మేడ పోయి, చివరికి నాకంటూ మిగిలింది సర్జన్ గారి మునిమనవణ్ణన్న ఒక్క మాట. దాన్ని చెట్లు గీసినవాళ్ళతో, ఊరగాయలమ్మే మనిషితో పంచుకోవాలా అనిపించింది. అంతే. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పటాలంలో ఆయన హోదా సర్జన్ కూడా కాదేమో. దొర సర్జన్ పక్కన నిలబడి పని నేర్చుకుని ఉంటారు. హోదా పెంచింది మేమే. ఆయన మాత్రం, తన పెట్టె ఇక ఎన్నటికీ నిండదని తెలిసే, అందులోంచి ఒకటి తీసి బిడ్డ చేతిలో పెట్టారు. నేను ఒక్క మాట ఇవ్వలేకపోయాను.

ఆ నెలలోనే నరసమ్మ తండ్రి పోయారు. వరసకు నాకు అన్న. దాయాది పోతే పట్టవలసిన మైల నేను పట్టలేదు. పైగా ఆ వారమే ఎవరింట్లోనో వ్రతానికి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. నరసమ్మ మా ఇంటికి రావడం మానేసింది.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. నేను పోతే ఆ పట్టకారు ఎవరిదో తెలిసినవాడంటూ ఉండడు. ఆ ఆలోచనే నన్ను కిందటి నెల వుడ్‌ల్యాండ్స్ రైలెక్కించింది. ఆమె తలుపు తీసింది. ఇనుప గేటుకు ఇవతల నిలబడే అంతా చెప్పాను. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గేటు కడ్డీలు పట్టుకుంది.

“ఇది మా అయ్య వినుండాల,” అంది. “నోటితో చెప్తే మళ్ళా కోతలంటారు. రాసి ఇవ్వండి. నా మనవరాలు నర్సింగ్ చదువుతోంది. దానికి తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపిస్తా. ఇన్నేళ్ళూ ఆకులు వెయ్యలేదు. ఈ దసరాకి వేస్తా,” అంది.

అందుకే రాస్తున్నాను. ఆమెకు ఇచ్చే ప్రతిలో పేర్లన్నీ ఉంటాయి, కింద నా సంతకం ఉంటుంది. ఆమె నన్ను క్షమించలేదు. నేను అడగనూ లేదు. కానీ ఆ రోజు తిరుగు రైల్లో నేను వెనక్కి వాలి కూర్చున్నాను. నలుగురిలో అలా కూర్చోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. తను సర్జన్ గారి మనిషినని ఆ పిల్లకు తెలిసే దసరా ఒకటి వస్తోంది. అది తలుచుకుంటే తేలిగ్గా ఉంది.

ఈ కాగితంతో పాటు పెట్టెను కూడా ఆమెకు అప్పగించగలిగితే బాగుండేది. ఆమెకు అబద్ధం చెప్పిన మరుసటి ఏడే, ఖాళీ ఆకు వేయడానికి చెయ్యి రాక, పనిముట్లతో సహా దాన్ని పాత వస్తువులు కొనే వ్యాపారికి అమ్మేశాను.