పిల్లల్ని తీసుకురావద్దు

ఆ కుట్టుపనావిడ దవడ వాపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిని. పన్ను పీకించుకోవడానికి ఆవిడ వచ్చిన ప్రతిసారీ వెంట తొమ్మిదేళ్ళ కూతురు చిట్టి ఉండేది. లోపల మిషను గుయ్యిమనగానే చిట్టి చెవులు మూసుకుని రోడ్డు మీదికి పరుగు తీసేది. వెనకాలే తల్లి. నేను వెళ్ళి పిల్లను చూద్దామంటే, డాక్టరుకు సామాను అందించడానికి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆవిడ బట్టల కొట్టు వెనకగదిలో ప్యాంట్లు పొట్టి చేస్తుంది, జిప్పులు మారుస్తుంది. చిట్టి పక్కనే కూర్చుని ఒక పాత జిప్పును తీస్తూ వేస్తూ ఉంటుంది. భర్త లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు. అత్తగారు "నా వల్ల కాదమ్మా" అని ఎప్పుడో చేతులెత్తేసింది. ఇక చుట్టాలైతే "నీ ఓపికకు దండం పెట్టాలే" అంటారు. దండాలు ఎవడికి కావాలి? ఒక్క గంట పిల్లను చూడమంటే ఒక్కరూ పలకరు.

మా ఆసుపత్రి ఎదుటి హాలులో, చిట్టిలా ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు చేయూత సభ అని బోర్డు పెట్టారు. ఆవిడ పని మానుకుని వచ్చింది. పన్ను పీకించుకునేదాకా చిట్టిని ఎవరైనా చూస్తారా అని అడగాలి, అంతే.

గేటు దగ్గర వాలంటీరు ఆపేశాడు. మా గుమ్మంలోకి అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"పిల్లల్ని తీసుకురావద్దని రాశాం కదండీ. లోపల డిస్టర్బెన్స్ అవుతుంది."

"మరి ఎవరి దగ్గర వదిలి రానండీ?"

"అది మీరు చూసుకోవాలి."

చూశారా చేయూత! పిల్లను చూసేవాళ్ళు లేకే ఆవిడ అల్లాడుతుంటే, ముందు వాళ్ళను వెతుక్కుని రమ్మంటారు. బుద్ధి గడ్డి తిన్నదా వీళ్ళకు?

గేటు పక్కన అరుగు మీద ఒక ప్లంబరు కొడుకుతో కూర్చుని ఉన్నాడు. అతన్నీ అలాగే ఆపేశారట. ఆవిడ దవడ చూసి, "అక్కా, ముందు మీరెళ్ళి ఆ పన్ను సంగతి చూసుకోండి. పాపని నేను చూస్తా" అన్నాడు.

"చెయ్యి పట్టుకుంటే అరుస్తుంది తమ్ముడూ."

"మావాడూ అంతే. పట్టుకోను. రోడ్డు మీదికి పోకుండా అడ్డంగా కూర్చుంటా."

అదృష్టం కొద్దీ మా కుర్చీ ఖాళీగానే ఉంది. పన్ను ఊడొచ్చే వేళకి హాలులో మైకు మా కిటికీలోంచి వినిపిస్తోంది: "తల్లులు ముందు తమ ఆరోగ్యం చూసుకోవాలి." డాక్టరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. చిట్టి అరుగు మీద కూర్చుని ఆ పిల్లాడి బ్యాగు జిప్పు లాగుతోంది. అప్పుడే సభ ముగిసి నిర్వాహకురాలు బయటికొచ్చింది.

"అయ్యో, లోపలికి రాలేదేంటమ్మా? ఎన్ని మంచి విషయాలు చెప్పామో!"

ఆవిడ నోట్లో దూది ఉంది, మాట్లాడకూడదు. అందుకని నేనే అందుకున్నాను.

"పన్ను పీకించుకోవాలి, ఒక్క గంట పిల్లని చూసేవాళ్ళు ఉన్నారా అని అడగడానికి వచ్చిందండీ. మీరు గేటు బయట నిలబెట్టినాయనే చూశాడు."