మెట్టు పక్కన అమ్మవారు

మా పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, నా తమ్ముడు, పొద్దున్నే ఫోన్ చేస్తే నాకు వెంటనే ఏడుపు రాలేదు. "ఎవరు చూసిన్రు?" అని అడిగాను. "నేనే చూసిన అక్కా. నిద్రలనే పోయింది. డాక్టర్ గూడ వచ్చిండు" అన్నాడు. "ఏ డాక్టర్?" అన్నాను. నా నోట్లోంచి వాడికి తన తల్లి గొంతే వినిపించి ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. దేవరకొండలో ఆడపిల్లల హాస్టల్‌ వార్డెన్‌గా చేసి రిటైరైంది. అన్నేళ్లు ఇతరుల పిల్లలను కాపలా కాసినందుకో, పుట్టుకతోనే అంతో తెలియదు కానీ, ఆమెకు అనుమానం ఊపిరితో పాటు ఆడేది. పక్కింటివాళ్లు గిన్నెలో పాయసం పంపితే, "ఇయ్యాల పండుగ లేదు, పబ్బం లేదు. ఎందుకు పంపినట్టు?" అనుకుంటూనే గిన్నె ఖాళీ చేసేది. దవాఖానలో డాక్టర్ అంతా బాగుందంటే, "నాకు చెప్తలేడు, నీకేమన్న చెప్పిండా?" అని బయటికొచ్చాక నా మొహం వెతికేది. ఆమె అనుమానాల్లో సగానికి పైగా ఉత్తవే. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా, వెనక నిలబడి చదువుతోందేమోనని నాకు భయమే.

అలాంటి మనిషిని బండి కొనడానికి తోడు రమ్మని పిలిచింది నేనే. మా బిడ్డకు చిన్నప్పటినుంచీ వెన్నెముక జబ్బు. నడవలేదు. ఎక్కువసేపు కూర్చోలేదు కూడా, పడుకోవాల్సిందే. హైదరాబాద్ దవాఖాన తప్ప దానికి వేరే ఊరు తెలియదు. తెలంగాణ వచ్చాక రోడ్లు వెడల్పయ్యాయి, అందరూ ఎక్కడెక్కడికో తిరిగొచ్చి ఫోటోలు పెడుతున్నారు. అది నల్లగొండలో మా ఇంట్లో పడుకుని ఆ ఫోటోలు చూసేది. లోపల మంచం, పొయ్యి, సింకు ఉండే క్యాంపర్ వ్యాన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే దాన్ని పడుకోబెట్టే ఊళ్లు తిప్పవచ్చని నేనూ మా ఆయనా ఆశపడ్డాం.

మొదట చూసిన బండి నల్లగొండలోనే. నేను తిన్నగా లోపలికి ఎక్కేశాను. పరుపు మెత్తగా ఉంది, కిటికీకి పూల పరదాలు. బిడ్డ తల ఎటువైపు పెడితే బయటికి చూడగలదో అప్పుడే లెక్కేసుకుంటున్నాను. పెద్దమ్మ మాత్రం లోపల అడుగే పెట్టలేదు. "లోపల మెత్తలు చూసి మీరు మురువుండ్రి. నేను బయట చూస్త" అంది. మా ఆయనను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తాను బండి వెనక నిలబడింది. "బ్రేకు తొక్కు. తియ్యి. మల్ల తొక్కు. ఇప్పుడు ఎడమకు మలిపే లైటు వెయ్యి." టైర్ల గాడుల్లో వేలు పెట్టి చూసింది. బండి పక్కన నీడకు పరిచే గుడారం గుడ్డను పట్టే కొక్కేన్ని లాగి, రోడ్డు మీద అది ఊడి ఎవరి మొహానికైనా తగులుతుందా అని ఓనర్‌ను అడిగింది. ఆయన నవ్వుతూనే జవాబులు చెప్పాడు. "మస్తు నవ్వుతుండు" అని నా చెవిలో గొణిగింది పెద్దమ్మ. ఆమె దృష్టిలో అది నేరమే.

చివరికి ఎక్కే మెట్టు దగ్గర ఆగిపోయింది. మెట్టు పక్కన, బండి ఒంటి మీద, అరచేయంత అమ్మవారి స్టిక్కరు ఉంది. నేను ఎక్కేటప్పుడే దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. మా ఆయనా అద్దుకున్నాడు.

"ఈడ అమ్మవారిని ఎవలు పెట్టిన్రు?" అని అడిగింది.

"నేనేనమ్మా. బండికి రక్ష" అన్నాడు ఓనర్.

"రక్షకైతే ముందర అద్దం మీద పెడ్తరు. కాళ్లు తాకే జాగల పెడ్తరా?"

"వేరే జాగ లేకుండె."

"గింత పెద్ద బండిల?"

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. "పోనీ అత్తమ్మా, దేవుని బొమ్మతోని మనకేంది" అన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు. చెప్పులు విడిచింది, చేతులు జోడించింది. "తల్లీ, నిన్ను పైకి పెడ్తనే" అని, గోటితో మూల లేపి స్టిక్కరును మెల్లగా ఒలిచింది. కింద చిన్న ఇనుప జల్లెడ ఉంది. దాని తూట్లన్నీ మెత్తి గట్టిపడిన పుట్టీతో నిండి ఉన్నాయి.

ఓనర్ నవ్వు పోయింది. "ఎలుకలు దూరుతున్నయని మూసినమ్మా. అమ్మవారుంటే ఎవలు గెలకరని…" అని నసిగాడు.

"దీని లోపల సిలిండర్ అర ఉన్నది గద? గ్యాస్ లీకైతే కిందికే దిగుతది. ఈ తూట్లకెల్లి బయటికి పోవాలె. నువ్వు మూసినంక అది యాడికి పోతది చెప్పు. మంచం మీది పిల్ల కాడికి."

నేను ఆ పుట్టీని వేలితో గీకి చూశాను. బిడ్డ తల ఎటు పెట్టాలో లెక్కేసుకున్నది ఆ పరుపు మీదే. మేమెవరమూ ఆ స్టిక్కరు తీసేవాళ్లం కాము. రోజూ దండం పెట్టుకుని ఎక్కేవాళ్లం. పెద్దమ్మ ముందుకు నడిచి, అమ్మవారిని అద్దం పైమూలకు అంటించి, చెప్పులు వేసుకుంది.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. ఒక బండికి వెనక ఎమర్జెన్సీ కిటికీకి అడ్డంగా నిచ్చెన బిగించారు, కిటికీ నాలుగు వేళ్లు కూడా తెరుచుకోదు. ఇంకోదానికి పక్క తలుపు కుడివైపు ఉంది, తెరిస్తే లారీల ముందుకే దిగాలి. మరోదాన్ని రంగు కొత్తగా ఉందని మాత్రమే వద్దంది. "కొత్త రంగు కింద ఏమున్నదో ఎవలు చూడొచ్చిన్రు?" అంది. ఆ బండి మంచిదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరికి మా బిడ్డకు ఓపిక నశించింది. "అవ్వా, నీకు ఏ బండి నచ్చది. నేను గీ ఇంటికప్పు చూసుకుంటనే ఉంట" అని మొహం గోడకు తిప్పుకుంది.

పెద్దమ్మ దాని మంచం అంచున కూర్చుంది. "ఏమన్నయితే దిగి ఉరకగలిగినోళ్లు ఏ బండన్న ఎక్కొచ్చు బిడ్డా. నువ్వు ఉరకలేవు. నాకు గదే ఫికర్" అంది. ఇంట్లో మేమంతా చుట్టూ తిప్పి చెప్పే మాట అది. ఆమె మొహం మీదే చెప్పింది. బిడ్డ గోడవైపు నుంచి తిరగకుండానే అవ్వ చేయి వెతుక్కుని పట్టుకుంది.

మేం కొన్న బండి మహబూబ్‌నగర్‌లో దొరికింది. అమ్మేది రిటైరైన టీచరు. పెద్దమ్మ రెండుసార్లు చుట్టూ తిరిగింది. తలుపు ఎడమవైపే, బయటినుంచీ తెరుచుకుంటుంది. గాలి తూట్లు శుభ్రంగా ఉన్నాయి, దీపాలన్నీ వెలిగాయి. ఏ తప్పూ దొరక్కపోవడంతో ఆమె మొహం మరింత ముడుచుకుంది. "గింత మంచిగున్నదాన్ని ఎందుకు అమ్ముతున్నవు సారూ?" అని నిలదీసింది.

"మా ఇంటామె పోయిందమ్మా. ఇద్దరం తిరుగుదమని కొన్నం. ఇది వాకిట్ల ఉంటే నాకు నిద్ర పడ్తలేదు" అన్నాడాయన.

పెద్దమ్మ తల దించుకుంది. కొంగుతో బండి తలుపు మీది దుమ్ము తుడిచింది. "తప్పుగ అనుకోకు సారూ" అంది. కాసేపటికి, గొంతు తగ్గించి, "జర ఇంకొక్కసారి బ్రేకు తొక్కు" అంది. ఆయన కళ్లు తుడుచుకుంటూనే నవ్వి తొక్కాడు.

మొదటి ప్రయాణం ఆలంపూర్‌కు. తుంగభద్ర గట్టున తలుపు తెరిచి పెడితే బిడ్డ పడుకునే నది చూసింది. నీళ్ల వాసన ఇలా ఉంటుందా అని అడిగింది. పెద్దమ్మ మాత్రం గుళ్లోకి రాలేదు. చక్రాల కింద రాళ్లు పెట్టి, బండి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. దారిన పోయేవాళ్లను ఒక్కొక్కరినీ తేరిపార చూస్తోంది. ఆ పూట నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా బిడ్డ ఇంటికప్పు కాకుండా ఆకాశం చూస్తోంది, దాని పక్కన ఆమె ఉంది. పెద్దమ్మా, నువ్వు అందరినీ అనుమానించావు కాబట్టే నేను నిశ్చింతగా గుడి మెట్లు ఎక్కగలిగాను.

ఆమె అంత్యక్రియలకూ ఆ బండిలోనే వెళ్లాం. చుట్టాల చావుకు మా బిడ్డ రాగలగడం అదే మొదటిసారి. మా వైపు శ్మశానం చేరేలోగా ఒకచోట పాడె దించి, పోయినవాళ్ల చెవిలో ఎవరి వరసతో వాళ్లు మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉందేమోనని. తమ్ముడు "అమ్మా" అని పిలిచాడు. నేను "పెద్దమ్మా" అని పిలిచాను. వెనక ఆపిన బండిలోంచి, "నేను గూడ పిలుస్త" అంది మా బిడ్డ. ఒకసారి దించి పిలిచాక మళ్లీ పిలవకూడదని పెద్దమనిషి ఒకాయన గొణిగాడు. తమ్ముడు ఆయన మాట వినిపించుకోలేదు. "పట్టుండ్రి" అన్నాడు.

నలుగురూ పాడెను ఎత్తి, తెరిచిన తలుపు ఎత్తుకు నడుముల దగ్గర ఆనించి పట్టుకున్నారు. బిడ్డ పరుపు అంచుకు జరిగి, చేయి చాచి, పూలు పక్కకు తీసి, ఆ చెవి దగ్గరకు నోరు తెచ్చింది. "అవ్వా" అంది. డప్పులు ఆగిపోయాయి. "అవ్వా" అంది మళ్లీ. మూడోసారి పిలిచాక అది తల ఎత్తలేదు. పాడె మోసేవాళ్లు బరువుకు కాళ్లు మార్చుకుంటూ, కదలకుండా పట్టుకునే ఉన్నారు. మేమంతా ఆ మూసిన కళ్లనే చూస్తూ నిలబడ్డాం.